సంచులు మోసే సైకిల్: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే సంగతి మీద ఉన్నాయి. సామాను కట్టుకుని నాలుగు రోజులో వారమో తిరగడానికి ఎలాంటి సైకిల్ కొనాలి, ఇంట్లో ఉన్నదాంట్లో ఏం మార్చుకోవాలి అని. ఫ్రేము రంగు, గేర్ల లెక్క తర్వాత చూద్దురుగాని, ముందు వెనక చక్రం చూడండి. సామాను బరువుకి మొదట నలిగేది అదే. కింది జవాబుల్లో సగం దాని చుట్టూనే తిరుగుతాయి.

ప్ర: కావలి నుంచి ఒంగోలు, పొదిలి, మార్కాపురం, దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్లాలని ఉంది. గుడారం, బట్టలు, స్టవ్వు కలిపి 20 కిలోలు అవుతాయి. షాపులో రెండు సైకిళ్లు చూపించారు. ఒకదానికి ముందు షాకర్లు, డిస్క్ బ్రేకులు, 21 గేర్లు. రెండోది షాకర్లు లేని హైబ్రిడ్ (తారురోడ్డుకీ మట్టిదారికీ పనికొచ్చే రకం). ధర దాదాపు ఒకటే. ఏది తీసుకోమంటారు? (ఒక పాఠకుడు, కావలి)

జ: హైబ్రిడ్ తీసుకోండి. ఆ ధరలో వచ్చే షాకర్లలో ఉండేది ఒక స్ప్రింగు, కాస్త గ్రీజు. అది గుంతని మింగేది తక్కువ, మీ కాళ్ల బలాన్ని మింగేది ఎక్కువ. మామూలు ఫోర్కు కంటే కిలో పైనే బరువుంటుంది. ముందు క్యారియర్ బిగించడానికి దానికి సాధారణంగా చోటే ఉండదు. గుంతల సంగతి టైరుకి వదిలేయండి. 38 నుంచి 40 మి.మీ. వెడల్పు టైరు వేసి, వెనక 60–65 పి.ఎస్.ఐ., ముందు 50 గాలి పెడితే, చీమకుర్తి దగ్గర గ్రానైటు లారీలు నలిపిన రోడ్డు మీద కూడా చేతులు తిమ్మిరెక్కవు. టైరు పక్కన ముద్రించిన గరిష్ఠ గాలిని మాత్రం దాటొద్దు.

అయితే హైబ్రిడ్ అని పేరుంటే చాలదు. షాపులోనే వంగి కొన్ని చూడాలి. వెనక ఇరుసు కూర్చునే చోట, పక్కనే 5 మి.మీ. బోల్టు పట్టే మరల రంధ్రం ఉందా? సీటు కింద రెండు గొట్టాలు కలిసేచోట అలాంటివి ఇంకో రెండు ఉన్నాయా? ఇవి లేకపోతే క్యారియర్‌ని క్లిప్పులతో కట్టాల్సి వస్తుంది, 20 కిలోలకి అది నమ్మకం కాదు. తర్వాత టేపు తీసి పెడల్ కాడలు తిరిగే ఇరుసు మధ్య నుంచి వెనక ఇరుసు మధ్యకి కొలవండి. 44 సెం.మీ., అంతకు పైన ఉంటే మంచిది. 42 ఉంటే తొక్కిన ప్రతిసారీ మడమ సంచికి తగులుతుంది. డిస్క్ బ్రేకు ఉంటే దాని డబ్బా ఫ్రేము గొట్టాల లోపలి కోణంలో ఉందో, బయటికి పొడుచుకొచ్చిందో చూడండి. బయటికి వస్తే క్యారియర్ కాలు దానికి అడ్డుపడుతుంది. నూనెతో పనిచేసే డిస్క్ కంటే కేబుల్ డిస్కే మేలు. కేబుల్ తెగితే పొదిలిలో దొరుకుతుంది, నూనె కారితే దొరకడం కష్టం.

ఇక వెనక చక్రం. స్పోకులు లెక్కపెట్టండి. 36 ఉంటే సరే, 32 ఉంటే సర్దుకోవచ్చు. 24, 28 స్పోకుల చక్రాలు ఖాళీ సైకిల్‌కి పనికొస్తాయి గానీ బరువుకి కాదు. తర్వాత పళ్లచక్రాల గుత్తిని చేత్తో వెనక్కి తిప్పి, మధ్యలో టూల్ పట్టే గాళ్లని గమనించండి. గాళ్లు పళ్లతో పాటే తిరిగితే అది క్యాసెట్. గాళ్లు నిలిచిపోయి పళ్లు మాత్రమే తిరిగితే ఫ్రీవీల్. ఫ్రీవీల్ హబ్బులో (హబ్బు అంటే చక్రం మధ్య ఇరుసు చుట్టూ తిరిగే గుండు) గేర్ల వైపు బేరింగు బాగా లోపలికి ఉంటుంది. అక్కణ్ణుంచి ఫ్రేము దాకా మూడు నాలుగు సెంటీమీటర్ల ఇరుసుకి ఏ ఆసరా ఉండదు. ప్రతి గుంతకీ ఆ ముక్క వంగుతుంది, ఒకరోజు పుటుక్కున విరుగుతుంది. క్యాసెట్ హబ్బులో బేరింగు ఫ్రేము పక్కదాకా వస్తుంది కాబట్టి ఈ బాధ తక్కువ.

మీకు దొరికింది ఫ్రీవీల్ రకమే అయితే బయల్దేరే ముందు ఇరుసు బయటికి తీయించి కిటికీ అద్దం లాంటి గాజు పలక మీద దొర్లించండి. తిన్నగా ఉన్న ఇరుసు చప్పుడు లేకుండా జారిపోతుంది. వంగినది టక్ టక్‌మని ఎగిరి పడుతుంది, కింద వెలుతురు సన్నగా కనబడి మాయమవుతూ ఉంటుంది. అలా కనబడితే దాన్ని మళ్లీ వేయొద్దు. డబ్బు కాస్త మిగిలితే క్యాసెట్ హబ్బుతో 36 స్పోకుల వెనక చక్రం కట్టించుకోండి. ఫ్రేములో ఇరుసు పట్టే వెడల్పు 135 మి.మీ. ఉండాలి. వెనక 7 గేర్ల సైకిల్ అయితే ఆ మీటలే ఉంచుకోవచ్చు. 8, 9 గేర్ల హబ్బు మీద 7 పళ్లచక్రాల క్యాసెట్ వేసేటప్పుడు వెనక 4.5 మి.మీ. రింగు ఒకటి పెట్టాలి. అది మరిచిపోతే క్యాసెట్ గలగలలాడుతుంది.

దోర్నాల దాటితే నల్లమల అడవి. రాత్రిపూట చెక్‌పోస్టు దగ్గర బండ్లు ఆపేస్తారు. తెల్లవారగానే దోర్నాలలో బయల్దేరేలా, నీళ్లు అక్కడే నింపుకునేలా చూసుకోండి.

ప్ర: వెనక చక్రం స్పోకులు నెలకి రెండు మూడు తెగుతున్నాయి. ఎక్కువగా గేర్ల వైపే. మెకానిక్ తెగినవాటి స్థానంలో కొత్తవి వేస్తూనే ఉన్నాడు. స్పోకులు నాసిరకమా, మా రోడ్లదా తప్పు? (కనిగిరి)

జ: తెగిన ముక్కలు పారేయకుండా ఎక్కడ తెగాయో చూడండి, జవాబు అక్కడే ఉంటుంది. హబ్బు దగ్గర వంపులో తెగితే అది అలసట. మధ్యలో గీత పడి తెగితే చైను ఎప్పుడో పెద్ద పళ్లచక్రం దాటి లోపలికి పడి గీరిందన్నమాట, గేరు హద్దు స్క్రూ సరిచేయాలి. నిపుల్ (రిమ్ము దగ్గర స్పోకుని బిగించే చిన్న నట్టు) దగ్గర తెగితే స్పోకు పొడవు సరిపోలేదు.

మీది చాలావరకు మొదటి రకం. స్పోకులు బిగుతుగా లేకపోవడమే దీనికి ఎక్కువసార్లు కారణం. చక్రం తిరిగేటప్పుడు నేల వైపుకొచ్చిన స్పోకు కాస్త సడలి మళ్లీ బిగుస్తుంది. చక్రం చుట్టుకొలత 2.1 మీటర్లనుకుంటే కిలోమీటరుకి దాదాపు 480 సార్లు, వంద కిలోమీటర్లకి 48 వేలసార్లు. బిగుతుగా ఉన్న స్పోకుకి ఇది పెద్ద విషయం కాదు. వదులుగా ఉన్నది మాత్రం ప్రతిసారీ వంపు దగ్గర కదులుతుంది. కట్టుతీగని అటూ ఇటూ వంచి తెంపుతాం కదా, అదే పని. గేర్ల వైపు స్పోకులు నిటారుగా నిలబడి ఎక్కువ లాగుడు మోస్తాయి, తొక్కిన బలం కూడా అటే ముందు పడుతుంది. అందుకే మొదట అటు తెగుతాయి.

మూడు తెగాయంటే మిగతావీ అదే వయసువి. ఒక్కొక్కటే మార్చడం మానేసి మొత్తం చక్రం విప్పించి 36 కొత్తవి వేయించండి: 14 గేజి, అంటే 2 మి.మీ. మందం, స్టెయిన్‌లెస్ స్టీలు. రెండు వైపుల నుంచీ ఒక్కో పాత స్పోకు కొలతకి పట్టుకెళ్లండి. గేర్ల వైపువి సాధారణంగా ఒకటి రెండు మి.మీ. పొట్టిగా ఉంటాయి. రిమ్ము రెండు గోడలది కావాలి. అల్లిక మూడు అడ్డాలది, అంటే ఒక్కో స్పోకు మూడింటిని దాటుకుంటూ రిమ్ము చేరాలి. నిపుల్ మరకి చుక్క నూనె వేస్తే బిగించేటప్పుడు మెలిపడదు.

చక్రం ఔటు (పక్కలకి ఊగడం) తీశాక చాలామంది అక్కడితో ఆపేస్తారు. అసలు పని ఇంకా ఉంది. ఒకే వైపు స్పోకుల్ని వేలితో మీటుతూ పోవాలి. అన్నీ ఇంచుమించు ఒకే శృతి పలకాలి, బొయ్యిమన్నది వదులు. తర్వాత పక్కపక్కన సమాంతరంగా వెళ్లే రెండేసి స్పోకుల్ని అరచేతుల్లో పట్టి గట్టిగా పిసకండి. చక్రం చుట్టూ ఇలా చేస్తుంటే కటకటమని చప్పుడొస్తుంది, స్పోకులు తమ తమ చోట్లలో కూర్చుంటున్నాయి. మళ్లీ ఔటు తీయాలి. చప్పుడు ఆగేదాకా రెండు మూడు దఫాలు. బరువు కట్టి 150 కి.మీ. తిరిగాక ఇంకోసారి చూపించాలి. ఇది గంటన్నర పని, దానికి తగ్గ కూలి ఇవ్వండి.

దారి కోసం గేర్ల వైపు కొలతవి నాలుగు స్పోకులు ఫ్రేము గొట్టానికి టేపు చుట్టి ఉంచుకోండి. అటు వైపు స్పోకు ఎక్కించాలంటే ఫ్రీవీల్ ఊడదీయాలి కాబట్టి మీ ఫ్రీవీల్‌కి సరిపోయే టూల్ కూడా సంచిలో ఉండాలి. ఆ టూల్ తిప్పడానికి పెద్ద పానా ఏ లారీ షెడ్డులోనైనా దొరుకుతుంది.

ప్ర: రాపూరు నుంచి చిట్వేలు ఘాటు ఎక్కుతుంటే మోకాళ్లు పట్టేస్తున్నాయి. 15 కిలోల సామాను. ముందు 48-38-28, వెనక 14 నుంచి 28 పళ్లు. ఇంకా తేలిక గేరు వేయించుకోవచ్చా? (రాపూరు)

జ: వేయించుకోవాలి. మీ కడపటి గేరు 28కి 28. పెడల్ ఒక చుట్టుకి సైకిల్ 2.18 మీటర్లు పోతుంది. ఎక్కుడులో మీ వేగం గంటకి 5 కి.మీ.కి పడిపోతే నిమిషానికి 38 చుట్లే తొక్కుతున్నట్టు. అంత నెమ్మదిగా తొక్కితే బరువంతా మోకాలి చిప్ప మీదే. నిమిషానికి 70 చుట్లు తిరగాలి.

వెనక 14–34 ఫ్రీవీల్ వేస్తే 1.8 మీటర్లకి దిగుతుంది. దాంతోపాటు ముందు 42-34-24 క్రాంకు (పెడల్ కాడలు, ముందు పళ్లచక్రాలు కలిసిన సెట్టు) వేస్తే 24కి 34, అంటే 1.54 మీటర్లు. 70 చుట్లకి గంటకి ఆరున్నర కి.మీ. ఈ రెండోదే మా సలహా. 42కి 14లో చుట్టుకి ఆరున్నర మీటర్లు వస్తుంది, సామానుతో హైవే మీద అంతకంటే పెద్ద గేరు అక్కర్లేదు.

కొనేముందు చూసుకోండి, వెనక డీరైలర్ (చైనుని ఒక పళ్లచక్రం నుంచి ఇంకోదాని మీదికి మార్చే భాగం) రెండు లెక్కలకి సరిపోవాలి. ఒకటి, 34 పళ్లు దాని హద్దులో ఉండాలి. రెండు, చైను వదులు ఎంత లాగగలదు అనేది: ముందు 42–24 తేడా 18, వెనక 34–14 తేడా 20, మొత్తం 38 పళ్లు. వెనక ఫ్రీవీల్ ఒక్కటే మారిస్తే పాత చైను పొట్టిది కావచ్చు. కొత్తదాన్ని డీరైలర్‌లోంచి కాకుండా నేరుగా ముందు పెద్దది, వెనక పెద్దది చుట్టి చూసి, అంగుళం కలిపి కత్తిరించండి. పొట్టి చైనుతో పొరపాటున ఆ గేరులో పడితే డీరైలర్ విరిగి స్పోకుల్లోకి వెళ్తుంది. క్రాంకు మారిస్తే లోపలి ఇరుసు పొడవు కూడా దానికి చెప్పినదే ఉండాలి.

సీటు ఎత్తు కూడా చూసుకోండి. పెడల్ కిందికి ఉన్నప్పుడు మడమ దాని మీద పెడితే కాలు తిన్నగా చాపుకోవాలి. మోకాలి ముందు భాగం నొప్పికి పొట్టి సీటే మామూలు కారణం.

ప్ర: క్యారియర్ బోల్టు రెండుసార్లు తెగింది. సంచులు మడమకి తగులుతున్నాయి. వాలులో వేగం 35 దాటితే హ్యాండిల్ వణుకుతోంది. సైకిలే మార్చేయాలా? (ఉదయగిరి)

జ: వద్దు. మూడింటికీ మూలం ఒకటే, సామాను కట్టిన తీరు.

5 మి.మీ. బోల్టు 20 కిలోలకి తెగదు, కదలికకి తెగుతుంది. క్యారియర్ కాలికీ ఫ్రేముకీ మధ్య వాషర్లు పేర్చి ఉంటే ముందు అవి తీసేయండి. కాలు ఫ్రేముకి ఆనుకుని ఉండాలి. మధ్యలో సందుంటే బోల్టు వంగి వంగి తెగుతుంది. తల మీద 8.8 అని ముద్ర ఉన్న బోల్టు కొని, మరకి నీలి రంగు లాక్‌టైట్ (మర వదులు కాకుండా పట్టే జిగురు) చుక్క వేసి బిగించండి. లోపలి వైపు నైలాన్ నట్టు పట్టే చోటుంటే అదీ వేయండి. కానీ బోల్టు చివర చిన్న పళ్లచక్రం మీది చైనుకి తగలకుండా చూడాలి. రోజూ పొద్దున బయల్దేరే ముందు 4 మి.మీ. ఎలన్ కీతో నాలుగు బోల్టులూ తడిమి చూడటం అలవాటు చేసుకోండి.

సంచుల్ని మడమ తప్పేదాకా వెనక్కి జరపండి. కానీ బరువు వెనక ఇరుసు దాటి వెనక్కి పోకూడదు, అప్పుడే తోక ఊగుతుంది. అక్కడా ఇక్కడా కుదరకపోతే పైన వెడల్పు, కింద ముందు వైపు ఏటవాలుగా కోసిన సంచులు కుట్టించుకోండి. రెక్సిన్ సీటుకవర్లు కుట్టేవాళ్లు చక్కగా కుడతారు. వీపు వైపు 3 మి.మీ. ప్లాస్టిక్ రేకు పెట్టించాలి, లేదంటే సంచి స్పోకుల్లోకి వంగుతుంది.

వణుకు: బరువంతా వెనక, అదీ ఎత్తులో ఉంటే వచ్చేది ఇదే. 20 కిలోల్లో 8 కిలోలు ముందు ఫోర్కుకి ఇరువైపులా, సంచి మధ్య భాగం ఇరుసు ఎత్తులో ఉండేలా కట్టండి. బియ్యం, స్టవ్వు, పానాలు సంచుల అడుగున. క్యారియర్ పైన గుడారం తప్ప ఇంకేం వద్దు. కుడి ఎడమల్ని స్ప్రింగు కాటాతో తూచండి, అరకిలో మించి తేడా ఉండకూడదు. తర్వాత ముందు బ్రేకు పట్టి సైకిల్‌ని ముందుకీ వెనక్కీ ఊపండి. హ్యాండిల్ మెడ దగ్గర టక్కుమంటే అక్కడి బేరింగు వదులు, బిగించాలి. దారిలో వణుకు మొదలైతే హ్యాండిల్‌ని గట్టిగా బిగబట్టకండి. రెండు మోకాళ్లతో పైగొట్టాన్ని నొక్కి పట్టి, వెనక బ్రేకుతో మెల్లగా వేగం తగ్గించండి.

ప్ర: నాన్నగారి పాత 28 అంగుళాల సైకిల్ ఉంది, ఒకటే గేరు. దీంతో మైపాడు, కృష్ణపట్నం, అటునుంచి ఒంగోలు దాకా వెళ్లొచ్చా? (ఇందుకూరుపేట)

జ: నిక్షేపంగా. పాలక్యాన్లూ వడ్లబస్తాలూ మోయడానికే పుట్టిన సైకిల్ అది. వెనక 40 స్పోకులు, పొడుగాటి వెనక భాగం, ఇరుసు దాకా దిగే ఇనుప క్యారియర్. కొత్త సైకిళ్లకి మనం డబ్బు పెట్టి చేయించుకునేవన్నీ దానికి ముందే ఉన్నాయి.

గేరు ఒక్కటి తగ్గించండి. ముందు 44, వెనక 18 పళ్లుంటే చుట్టుకి 5.4 మీటర్లు. ఎదురుగాలిలో సామానుతో అది భారం. వెనక 22 పళ్ల ఫ్రీవీల్ వేస్తే 4.4. చైనుకి అంగుళం ముక్క కలపాల్సి రావచ్చు. హబ్బులు విప్పించి కిరోసిన్‌తో కడిగించి, బాల్స్ ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి అన్నీ ఒకేసారి కొత్తవి వేయించండి. పాతవీ కొత్తవీ కలిపితే కొత్తవాటి మీదే బరువంతా పడుతుంది. క్రాంకు కాటర్ పిన్నులు (పెడల్ కాడల్ని ఇరుసుకి బిగించేవి) రెండూ మార్చి, 20 కి.మీ. తొక్కాక నట్టు మళ్లీ బిగించండి. వాల్వు రబ్బరు ఎండకి చీలిపోతుంది, జానెడు ముక్క జేబులో ఉండాలి. రాడ్ బ్రేకులు వానలో ఇనుప రిమ్ము మీద దాదాపు పట్టవు. కార్తీక మాసపు ముసురులో ఈ సైకిల్ మీద దూరం వెళ్లొద్దు, ఘాట్ రోడ్డుకి ఏ కాలంలోనూ వద్దు.

ప్ర: నా ఎత్తు 5 అడుగులు. షాపుల్లో పెద్ద చక్రాల సైకిళ్లే చూపిస్తున్నారు. (ఒక పాఠకురాలు, ఒంగోలు)

జ: 26 అంగుళాల చక్రాలున్న చిన్న ఫ్రేము, 14 లేదా 15 అంగుళాలది, అడగండమ్మా. పొట్టి ఫ్రేముకి 700సి అనే పెద్ద చక్రాలు వేస్తే నెమ్మదిగా మలుపు తిరిగేటప్పుడు బొటనవేలు ముందు మడ్‌గార్డుకి తగులుతుంది. సామానుతో అలా తగిలితే పడిపోతారు. నేల మీద నిలబడితే పైగొట్టానికీ మీకూ నాలుగు వేళ్ల సందుండాలి. బ్రేకు మీట అందకపోతే దాని మొదట్లో ఉన్న చిన్న స్క్రూ తిప్పితే మీట దగ్గరికొస్తుంది, చాలా షాపుల్లో ఇది చెప్పరు. స్పేర్ టైరు కొనేటప్పుడు 26 అన్న అంకె ఒక్కటే చూడొద్దు. గేర్ల సైకిల్ టైరు మీద 559 అని ఉంటుంది. 26×1⅜ టైరు మీద 590 ఉంటుంది, అది మీ రిమ్ముకి ఎక్కదు.

ప్ర: రేసు సైకిల్ లాంటి వంపు హ్యాండిల్ వేయించుకుంటే దూరానికి సుఖమా? (నెల్లూరు)

జ: చేతులకి సుఖమే, ఖర్చుకి కాదు. వి-బ్రేకులు (రిమ్ముని రెండు పక్కలా నొక్కే పొడుగు చేతుల బ్రేకులు) ఎక్కువ కేబుల్ లాగే మీటలకి తయారైనవి, వంపు హ్యాండిల్ మీటలు తక్కువ లాగుతాయి. అలాగే బిగిస్తే బ్రేకు మెత్తగా మిగిలిపోతుంది. గేరు మీటలూ మార్చాలి. ఉన్న తిన్నటి హ్యాండిల్ చివర కొమ్ములు బిగించుకోండి, చేతులు మార్చి పట్టుకోవడానికి చోటు దొరుకుతుంది.

ప్ర: రెండు బాధలు. సర్కారు తుమ్మ ముళ్లు, పల్లేరుకాయలు రోజుకో పంక్చర్ చేస్తున్నాయి. ఉప్పు కొటార్ల పక్క రోడ్డు కావడంతో చైను వారానికే తుప్పు పడుతోంది. (అల్లూరు)

జ: ముందు ముల్లు. పంక్చర్ వేశాక మళ్లీ అదే చోట గాలి పోతోందంటే ముల్లు మొన ఇంకా టైరులోనే ఉంది. తుమ్మ ముల్లు విరిగిన మొన కంటికి కనబడదు, వేలికి గుచ్చుకుంటుంది. అందుకే వేలు పెట్టొద్దు. దూది ఉండ తీసుకుని టైరు లోపలంతా రుద్దుకుంటూ పోండి. మొన ఉన్నచోట దూది పోగు పట్టుకుని ఆగుతుంది. సూది ముక్కు పట్టకారుతో బయటి వైపుకే లాగండి. టైరుకీ ట్యూబుకీ మధ్య పాత ట్యూబుని నిలువునా చీల్చి పట్టీలాగా పరిస్తే పల్లేరుకాయలు చాలావరకు ఆగుతాయి. అంచుల దగ్గర రాసుకోకుండా పౌడరు చల్లండి. పట్టీ చివరలు ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు, ఆ గట్టు ట్యూబుని తొలిచేస్తుంది. ట్యూబులు కారు వాల్వు ఉన్నవి కొంటే పెట్రోలు బంకులో కూడా గాలి పెట్టించుకోవచ్చు.

తుప్పుకి నూనె ఎక్కువ పోస్తే ఇసుక అంటుకుని చైను ఇంకా త్వరగా అరుగుతుంది. అదేరోజు సాయంత్రం మంచినీళ్లతో కడిగి, గుడ్డతో తుడిచి, ఆరాక ఒక్కో లింకు గొట్టం మీద ఒక్కో చుక్క వేసి, పదినిమిషాల తర్వాత పైది తుడిచేయండి. సర్వీస్ స్టేషన్ నీటిగన్ను మాత్రం హబ్బుల వైపు పెట్టనివ్వకండి, గ్రీజు కొట్టుకుపోయి ఉప్పునీళ్లు లోపల నిలుస్తాయి. ఇనుప ఫ్రేములో అల్యూమినియం సీటు గొట్టం ఉంటే గ్రీజు పూసి నెలకోసారి తీసి పెట్టాలి, లేకపోతే రెండూ పట్టుకుపోతాయి. చైను అరుగుదలకి ఇంచీల స్కేలు చాలు. ఒక పిన్ను మధ్య సున్నా పెడితే 12 అంగుళాల గీత మీదికి ఇంకో పిన్ను మధ్య రావాలి. అంగుళంలో పదహారో వంతు దాటితే చైను మార్చండి. ఎనిమిదో వంతు దాకా ఆగితే వెనక పళ్లచక్రాలూ అరిగిపోయి ఉంటాయి, కొత్త చైను వాటి మీద జారుతుంది.